మీడియా చిట్టా: వారం రోజులు ఏం చూశామో, ఏం విన్నామో రాసుకునే పద్ధతి

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేశారు. పగలంతా చిట్టా, చీకటి పడ్డాక ఆవర్జా. చిట్టాలో ఏది ముందు జరిగితే అది ముందు పడుతుంది. ఏ రైతు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), రకం తేజానా 334నా, కాటా ఎంత తూగింది, అంతే. రాత్రి కూర్చుని వాటినే పేర్ల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. చిట్టా రాసేటప్పుడు మొత్తాలు కూడకూడదంటారు నాన్న. కూడుతూ రాస్తే చెయ్యి మనకు కావలసిన అంకె వైపు వంగుతుందట.

నా ఫోన్ వాడకం ఎంతో చూసుకుందామని నేను మొదట యాప్‌లు పెట్టాను. రంగురంగుల గ్రాఫులు చూసుకుని నాలుగు రోజులు బాధపడ్డాను, అయిదో రోజున యాప్ తీసేశాను. తర్వాత నాన్న పద్ధతిలో చిన్న నోట్‌బుక్ పట్టుకుంటే వారం నిలిచింది. ఆ పద్ధతే ఇక్కడ చెప్తున్నా. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ రోజూ రైల్లో విజయవాడ ఉద్యోగానికి వెళ్లి వస్తాను కాబట్టి ఉదాహరణలన్నీ ఆ దారిలోవే.

ఏది లెక్కలోకి వస్తుంది?

ఫోన్ ఒక్కటే కాదు. ఉదయం పేపరు, అందులో మధ్యలో పెట్టి వచ్చే జిల్లా ఎడిషన్, అమ్మ పెట్టుకునే ఆకాశవాణి విజయవాడ కేంద్రం, షేర్ ఆటోలో మోగే ఎఫ్.ఎమ్., టిఫిన్ హోటల్ గోడ మీద శబ్దం తగ్గించి వదిలేసిన న్యూస్ ఛానెల్, ఆఫీసు కంప్యూటర్లో తెరిచి పెట్టుకున్న యూట్యూబ్, ఇవన్నీ మీడియానే. విజయవాడలో ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అంటే మా ఇంట్లో మూడు తరాల చెవుల్లో అది పడింది, కానీ దాన్ని "వాడకం" అని ఎవరూ అనుకోలేదు. అలా అనుకోనివే చిట్టాలో తప్పించుకుంటాయి.

నేను పెట్టుకున్న హద్దు ఇది: కన్నో చెవో నిజంగా అటు పెడితే రాస్తాను. ఎవరో పెట్టుకున్న టీవీ గదిలో మోగుతుంటే, అందులో ఒక్క ముక్క కూడా గుర్తు లేకపోతే, "పక్క టీవీ" అని ఒక చుక్క పెడతాను. కన్ను అటు పోయి నిలబడిపోతే అది నా ఖాతాలో పడుతుంది. ఆఫీసు పనికి పంపే మెయిళ్లు నేను వదిలేశాను. మీరు కలుపుకుంటానంటే కలుపుకోండి, కానీ వారం మధ్యలో మాత్రం హద్దు జరపొద్దు.

ఏ వారం మంచిది?

మామూలు వారం. సంక్రాంతి, దసరా, ఇంట్లో పెళ్లి, పిల్లల పరీక్షలు, ఎన్నికల ఫలితాలు ఉన్న వారాలు వద్దు. ఆదివారం తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లల్లో వారం మొత్తం లెక్క ఒకెత్తు, ఆదివారం ఒక్కటీ ఒకెత్తు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బంధువులు అక్కడ మేడ మీద చిక్కుకుపోయారు. ఆ నాలుగు రోజులూ నా చేతిలోంచి ఫోన్ దిగలేదు. వాళ్ల చార్జింగ్ అయిపోకుండా రెండేసి గంటలకొకసారి మాట్లాడుకున్నాం, మధ్యలో ఎక్కడివో పాత వీడియోలు "ఇప్పుడే" అంటూ వచ్చి గుండె ఆగినంత పని చేశాయి. అలాంటి వారాన్ని లెక్కగట్టి "ఇన్ని గంటలా!" అనుకోవడంలో అర్థం లేదు. గంటల అంకె ఒక్కటే చూస్తే ఆ వారమూ, రీల్స్ చూస్తూ గడిచిన వారమూ ఒకేలా కనిపిస్తాయి. నేను ఇంకేం రాయాలో ఆలోచించింది అక్కడి నుంచే.

పుస్తకం, అందులో ఆరు గళ్లు

జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న నోట్‌బుక్, దానికి కట్టేసిన పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. రాసుకోవడానికి ఫోన్ తీస్తే పైన రెండు మెసేజ్‌లు కనపడతాయి, వాటికి జవాబిస్తాం, ఎందుకు తీశామో మర్చిపోతాం. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే.

పేజీకి ఆరు గళ్లు గీయండి: వేళ, చోటు, ఏది, ఎంతసేపు, ముందు, ఆగింది.

మొదటి నాలుగూ తెలిసినవే. అసలు పని చివరి రెండింటిది. "ముందు" అంటే ఫోన్ తీయడానికి, టీవీ పెట్టడానికి సరిగ్గా ముందు ఏం జరుగుతోంది. ఫోన్ మోగిందా, పని చిరాకు పుట్టించిందా, కుక్కర్ విజిల్ కోసం ఎదురు చూస్తున్నారా. "ఆగింది" అంటే దేని వల్ల ఆపారు. అదే అయిపోయిందా, ఎవరైనా పిలిచారా, స్టేషన్ వచ్చిందా, బ్యాటరీ పోయిందా, మీకే చాలనిపించిందా.

ఈ ఆరో గడి ఎందుకంటే, పేపరుకి చివరి పేజీ ఉంది. రేడియో వార్తలు వేళకి ముగుస్తాయి. సీరియల్ కూడా ఎంత సాగదీసినా అరగంటకి "తరువాయి భాగం" అంటుంది. ఫోన్‌లో కిందికి జరిపే కొద్దీ వస్తూనే ఉండే పేజీకి మాత్రం అడుగు లేదు. ఆ అంతులేని పేజీ పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, ఆ తర్వాత తానే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. మన దగ్గర 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. యాప్ పేరు మారింది గానీ బొటనవేలి కదలిక మారలేదు. అడుగు లేని దాన్ని ఎవరు ఆపాలి? ఆరో గడి రాస్తే ఎవరు ఆపుతున్నారో కనపడుతుంది.

ముందు అంచనా

మొదలుపెట్టే ముందు రోజు రాత్రి, ఫోన్‌లో ఏ లెక్కా చూడకుండా, నోట్‌బుక్ చివరి పేజీలో నాలుగు అంకెలు రాయండి: రోజుకి ఫోన్ ఎన్ని గంటలు, టీవీ ఎన్ని గంటలు, ఫోన్ ఎన్నిసార్లు తీస్తాను, ఎక్కువసేపు ఏ యాప్‌లో ఉంటాను. రాసి ఆ పేజీ మడిచేయండి. ఆదివారం దాకా విప్పొద్దు. నా అంచనాలో గంటలు పెద్దగా తప్పలేదు. ఎన్నిసార్లు అన్నది మాత్రం పావు వంతే రాశాను.

ఫోన్ చెప్పే లెక్క ఎక్కడుంటుంది, ఎంతవరకు నమ్మాలి

ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో "డిజిటల్ వెల్‌బీయింగ్" అని ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో పేరు కాస్త మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన ఉన్న వెతుకు పెట్టెలో "స్క్రీన్ టైమ్" అని కొట్టండి. అందులో మూడు లెక్కలుంటాయి: ఏ యాప్ ఎంతసేపు, ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ లోపల "స్క్రీన్ టైమ్" చూడండి. అక్కడ ఇంకో మంచి ముక్క ఉంది. ఫోన్ ఎత్తగానే మొదట ఏ యాప్ తెరిచారో కూడా చెప్తుంది. ఈ రెండు సౌకర్యాలూ 2018లో వచ్చినవే. యూట్యూబ్‌లో చూసిన వీడియోల హిస్టరీ విడిగా ఉంటుంది. రాత్రి "ఏం చూశానబ్బా" అని గుర్తురానప్పుడు అది పనికొస్తుంది.

ఈ అంకెలు రోజూ పడుకునే ముందు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోండి. పాత వివరాలు ఫోన్‌లో ఎల్లకాలం ఉండవు.

అయితే వీటిని తులంతో తూచినట్టు నమ్మకండి. స్క్రీన్ ఆర్పేసి విన్న పాటలు, కాల్ మాట్లాడుతూ చెవికి ఆనించుకున్న సమయం స్క్రీన్ లెక్కలోకి రావు. దారి తెలియక మ్యాప్ పెట్టుకుని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కూర్చుంటే ఆ ముప్పావుగంటా మీ నెత్తిన పడుతుంది. అన్‌లాక్‌ల సంఖ్య చూసి కూడా హడలిపోకండి. కూరగాయల బండి దగ్గర, టీ కొట్టు దగ్గర, ఆటో దిగాక క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం, డబ్బు పంపడం, అన్నీ అందులో ఉన్నాయి. ఒకప్పుడు చిల్లర తీసినన్ని సార్లు ఇప్పుడు ఫోన్ తీస్తున్నాం. ఇంకోటి, ఫోన్‌కి రోజు అర్ధరాత్రి మారుతుంది. పన్నెండు దాటాక చూసిన నలభై నిమిషాలు రేపటి ఖాతాలో పడతాయి. మీ చిట్టాలో మాత్రం మీరు పడుకున్నాకే తేదీ మార్చండి.

పగలు: చిట్టా

మొదటి మూడు రోజులు ఏమీ తగ్గించకండి. తగ్గించాలని చూస్తే మీరు రాసేది మీ లెక్క కాదు, మీరు కావాలనుకునే మనిషి లెక్క. ఆపిన వెంటనే ఒక వరుస రాయండి, గుర్తులతో, ముక్కలుగా. నిమిషాలు ఉజ్జాయింపుగా చాలు.

రైల్లో వెళ్లేవాళ్లకి ఒక కిటుకు. గడియారం చూడకుండా స్టేషన్లతో రాసుకోండి. గుంటూరు నుంచి నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్, ఆ తర్వాత నది, విజయవాడ. నా చిట్టాలో ఒక మంగళవారం ఇలా ఉంది:

6.20 / వంటిల్లు / రేడియో / పావుగంట / అమ్మ పెట్టింది / వార్తలు అయిపోయాయి

6.50 / డైనింగ్ బల్ల / పేపరు, ముందు జిల్లా పేజీలు / 12 ని. / టీ / టీ అయిపోయింది

7.05 / అక్కడే / వాట్సాప్, అపార్ట్‌మెంట్ గ్రూపు / 5 ని. / మోత / నీళ్ల ట్యాంకర్ గొడవ, నాకు సంబంధం లేదు

8.10 / రైలు, గుంటూరు నుంచి మంగళగిరి / రీల్స్ / ? / సీటు దొరికింది / పక్కావిడ "కాస్త జరుగుతావామ్మా" అంది

8.40 / రైలు / మళ్లీ రీల్స్ / విజయవాడ దాకా / ఏమీ లేదు / స్టేషన్ వచ్చింది

11.30 / ఆఫీసు / న్యూస్ సైట్ / 10 ని. / ఎక్సెల్ షీట్ తప్పు వచ్చింది / మేనేజర్ గారు అటు వచ్చారు

"ఏమీ లేదు" అని రాయడానికి సిగ్గుపడకండి. నా పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చిన మాట అదే. ప్రశ్నార్థకం కూడా తప్పు కాదు. ఎంతసేపో తెలియలేదన్నదే ఒక సమాచారం. ఒక పూట రాయడం మరిచిపోతే కథ అల్లి నింపకండి, అడ్డంగా గీత గీసి ముందుకు పోండి.

రాత్రి: ఆవర్జా

భోజనాలయ్యాక పది నిమిషాలు. నోట్‌బుక్‌ని తిప్పి వెనక వైపు నుంచి మొదలుపెట్టి పద్దుల పేర్లతో పేజీలు పెట్టుకోండి. నేను నాలుగు పద్దులు పెట్టాను: పని, మనుషులు, ఇష్టం, ఊరికే.

పని అంటే దాంతో ఏదో ఒకటి జరగాలి. మా బాబాయి ఇప్పటికీ మిర్చి వ్యాపారంలో ఉన్నాడు, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే ధరలు చూసుకోవడం ఆయనకి పని. అవే ధరలు నేను చూస్తే ఊరికే. మనుషులు అంటే అవతల ఒక మనిషి ఉండి మాటకు మాట నడవాలి. అమెరికాలో ఉన్న అక్కతో వీడియో కాల్ మనుషుల్లో పడుతుంది. గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మకి చేతులు జోడించిన గుర్తు పెట్టడం ఏ పద్దో మీరే తేల్చుకోండి, నేను రెండు రోజులు తన్నుకుని ఊరికేలో వేశాను. ఇష్టం అంటే కావాలని కూర్చుని చూసింది. శనివారం రాత్రి రెండున్నర గంటల సినిమా ఇష్టమే. గంటలు ఎక్కువైనా దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఊరికే అంటే ఊరికే.

ఒకే ముక్క రెండు పద్దుల్లో పడుతుంది. పని మీద వాట్సాప్ తెరిచి అక్కడి నుంచి స్టేటస్‌లలోకి జారిపోతాం. నాన్నని అడిగితే "రెండుగా విడగొట్టి రాయమ్మా, మూడు టిక్కీలు ఒకాయనవి, రెండు ఇంకొకాయనవి అయితే కలిపి రాస్తామా" అన్నారు. అలాగే చేశాను. ఎక్కడ జారానో ఆ గీతే చూపించింది.

ఇంకొక పేజీ విడిగా పెట్టుకోమంటాను, దాని పేరు "అదే వార్త". రోజుకొక పెద్ద వార్త పట్టుకుని అది మీ దగ్గరికి ఎన్ని దారుల్లో, ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయండి. ఒక బుధవారం ఒకే ఒక్క రాజకీయ ప్రకటన నా దగ్గరికి పేపర్లో, టిఫిన్ హోటల్ టీవీలో, రెండు యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో, మూడు వాట్సాప్ గ్రూపుల్లో, సాయంత్రం ఇంటి టీవీలో చర్చగా వచ్చింది. ఎనిమిది సార్లు. మొదటిసారి తెలిసిన దానికంటే ఎనిమిదోసారికి కొత్తగా తెలిసింది ఒక్క ముక్క లేదు, కోపం మాత్రం పెరిగింది. విజయవాడలో పేపర్లకి కొదవ లేదు. విశాలాంధ్ర, ఆంధ్రజ్యోతి, ప్రజాశక్తి ఈ ఊళ్లోనే పుట్టాయి. ఒకే సంఘటనని రెండు పేపర్లు ఎలా రాశాయో పక్కపక్కన పెట్టి చదివితే ఏదో తెలుస్తుంది. ఒకే వీడియో ముక్కని ఎనిమిది చోట్ల చూస్తే తెలిసేది అది కాదు.

ఆదివారం కూర్చుని చదవడం

మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మంచిది. ఫోన్ వేరే గదిలో పెట్టి, నోట్‌బుక్ మొదటి నుంచి ఒకసారి ఊరికే చదవండి. ఇప్పుడు మొత్తాలు కూడండి, మడిచిన పేజీ విప్పండి.

అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు. "ముందు" గడి ఒక్కటే పైనుంచి కిందికి చదవండి, తర్వాత "ఆగింది" గడి ఒక్కటే చదవండి. నా "ముందు" గడిలో రెండు విషయాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకటి కూర్చోవడం. సీటు దొరికితే, కుర్చీలో వాలితే, మంచం మీద చేరితే చెయ్యి అటు పోతోంది. రెండోది తెలియని పని. ఎక్సెల్ షీట్లో తప్పు వచ్చినప్పుడల్లా వార్తలు చదివాను. నాకు లోకం మీద ఇంత ఆసక్తి ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఆగింది" గడిలో "నాకే చాలనిపించింది" అన్నది వారం మొత్తంలో అయిదుసార్లు వచ్చింది. అందులో మూడు పేపరు, ఒకటి రేడియో, ఒకటి సినిమా. రీల్స్‌కి ఒక్కసారి కూడా లేదు. వాటిని ఎప్పుడూ ఇంకెవరో ఆపారు.

ఇది చదివాక అరపేజీ రాయండి. తీర్పులూ ప్రతిజ్ఞలూ వద్దు, జరిగింది రాయండి. ఈ వారం చూసినవాటిలో ఎవరికైనా చెప్పాలనిపించింది ఏది? ఏది చూశాక ఒళ్లు బరువెక్కింది? ఏది లేకపోతే నిజంగా ఇబ్బంది పడేదాన్ని? ఈ మూడింటికీ జవాబు రాస్తే చాలు. నా మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబులు మూడే మూడు. ఇరవై గంటల పైచిలుకు ఫోన్‌లో చెప్పుకోదగ్గవి మూడు.

ఒక్కటే మార్చండి

రెండో వారానికి ఒక్క మార్పు, అంతకుమించి వద్దు. అదీ యాప్‌కి కాదు, "ముందు" గడిలో ఎక్కువసార్లు వచ్చిన సందర్భానికి.

యాప్ టైమర్లు నేను పెట్టి చూశాను. ఆండ్రాయిడ్‌లో సమయం అయిపోతే ఐకాన్ బూడిద రంగులోకి పోతుంది. నాలుగో రోజుకి దాన్ని తీసేసే దారి వేలికి వచ్చేసింది. కొందరికి పనిచేస్తాయేమో, నాలాంటి మొండిదానికి పనిచేయలేదు. పనిచేసినవి చెప్తా. రైల్లో సీటు దొరకడమే నా సమస్య కాబట్టి సీటులో కూర్చోగానే ఫోన్ బ్యాగు అడుగుకి, నోట్‌బుక్ పైకి. మంగళగిరి దాకా అంతే, ఆ తర్వాత ఇష్టం. పూర్తిగా మానేయాలనుకుంటే మొదటి రోజే ఓడిపోయేదాన్ని. గ్రూపుల్లో నాలుగింటిని మ్యూట్‌లో పెట్టాను, "ఎల్లప్పుడూ" అనే ఎంపికతో. ఎవరూ గమనించలేదు. చార్జర్‌ని పడకగదిలోంచి హాల్లోకి మార్చాను. అలారానికి అరండల్‌పేటలో ఒక చిన్న గడియారం కొన్నాను.

మీది వేరుగా ఉంటుంది. కుక్కర్ విజిల్ మీ సమస్యైతే స్టవ్ పక్కన పేపరు పెట్టుకోండి. రాత్రి పిల్లలు పడుకున్నాక వచ్చే గంట మీ సమస్యైతే, దాన్ని అసలు తీసేయాలా అని ముందు ఆలోచించండి. రోజంతటిలో మీకంటూ మిగిలింది ఆ గంటే అయితే దాన్ని ఊరికేలోంచి ఇష్టంలోకి మార్చుకుంటే చాలు. ముందే ఒక సినిమా అనుకుని పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ల సంగతి

ఇంకొకరి చిట్టా మీరు రాయకండి. మొదటి వారం నేను అమ్మ సీరియళ్లు లెక్కబెడితే "నేను చూట్టం లేదే, వింటున్నా" అంది. నిజమే, ఆ రెండు గంటల్లో ఆవిడ చిక్కుళ్లు ఒలిచింది, బట్టలు మడతపెట్టింది, పిన్నితో మాట్లాడింది. పిల్లలకి చెప్పాలంటే ముందు మీ పుస్తకం వాళ్లకి చూపించండి. మా అబ్బాయి నాది చదివి, "అమ్మా, నువ్వు నన్ను ఫోన్ పెట్టెయ్ అన్నప్పుడు నీ చేతిలో ఫోన్ ఉంది, అది ఏ గడిలో రాశావు?" అన్నాడు. రాయలేదు. ఆ రోజు రాత్రి రాశాను. వాడు కూడా ఒక పుస్తకం మొదలుపెట్టి మూడు రోజులకి ఆపేశాడు. నేనేమీ అనలేదు.

మూడు నెలలకొకసారి మళ్లీ ఒక వారం రాస్తే సరిపోతుంది, రోజూ అక్కర్లేదు. రెండోసారి రాసిన పుస్తకంలో ఒక గురువారం వరుస:

8.45 / రైలు, కృష్ణా కెనాల్ దాటాక / ఏమీ లేదు / వంతెన దాటేంతసేపు / పక్కనామె నదిలో రూపాయి వేయడానికి కిటికీ దగ్గరికి వంగింది / నేనూ జరిగి చూశాను, నీళ్లు బాగా ఉన్నాయి